ఏడో నెల జ్ఞానదంతం

జ్ఞానదంతమని దానికి పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, జమునకు అది జ్ఞానం ఇవ్వకపోగా ఉన్న నిద్రనూ తిండినీ కూడా ఊడబెరికింది. కుడివైపు కింది దవడ చివర, చీపురు కూడా చేరని మూలలాంటి చోట, సగం బయటికీ సగం చిగుళ్లలోకీ ఇరుక్కుని మొలిచింది. మొలిచేది తిన్నగా మొలవచ్చు కదా, పక్క పన్నును కుమ్ముతూ అడ్డంగా వచ్చింది. అదీ ఎప్పుడు? కడుపుతో ఉన్నప్పుడు.

ఐదో నెలలో మొదటిసారి నొప్పి పుట్టినప్పుడే రవీంద్ర భార్యను సూరత్ గోడాదరాలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె లైటు వేసి చూసింది. ఇప్పుడు తీసేస్తే బిడ్డకు ఏ భయమూ లేదనీ, ఊరుకుంటే ముందు ముందు చీము పడుతుందనీ, అప్పుడు నోరే తెరుచుకోదనీ హిందీలో చిలక్కి చెప్పినట్టు చెప్పింది. సోమవారం రమ్మంది. ఆ సోమవారం వీళ్లు పోలేదు. పోనివ్వనిది బాలవ్వ.

బాలవ్వ రవీంద్ర తల్లి. పెళ్లయిన ఏడాదే మొగుడి వెంట సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చి, మొగుడు పోయినా ఇక్కడే పాతుకుపోయిన మనిషి. మగ్గాలకు దారపు కండెలు చుట్టీ చుట్టీ వేళ్లు కాయలు కాశాయి. మనసు మాత్రం వెన్న. కోడలంటే ప్రాణం, పద్ధతంటే అంతకంటే ఎక్కువ ప్రాణం. వచ్చిన చిక్కంతా అక్కడే.

"కడుపుతోటున్న మనిషి ఒంటికెల్లి ఏదీ తియ్యద్దు బిడ్డా," అంది. "ఎంటికలే కత్తిరియ్యం, ఇగ పన్ను పీకుతరా? పన్నంటె బొక్క. బొక్క పీకినంక లోపలోడు నిలుస్తడా?"

ఆ ఇంట్లో అది ఉత్త మాట కాదు. జమునకు ఐదో నెల పడిన రోజు నుంచి రవీంద్ర గడ్డం గీసుకోవడం మానేశాడు. మగ్గాల కారఖానాలో తోటివాళ్లు బాబాజీ, బాబాజీ అని ఏడిపించినా నవ్వి ఊరుకున్నాడు. గడ్డం ఉంటే దురద తప్ప నష్టం లేదు. పన్ను సంగతి వేరని అతనికి తట్టలేదు. పోనీ జమునకైనా తట్టాలా? ఆమెకు సూదంటే చచ్చేంత భయం. అత్త వద్దనగానే పైకి ముఖం వేలాడేసింది గానీ లోపల హమ్మయ్య అనుకుంది. కాన్పయ్యాక చూసుకుందాంలే అని తనే మొగుడికి సర్దిచెప్పింది. డాక్టరమ్మ ఇచ్చిన గోలీలు గూట్లో దేవుడి పటం పక్కన కూర్చున్నాయి. వాటినీ ఎవరూ ముట్టుకోలేదు.

పన్ను మాత్రం కాన్పు దాకా ఆగుతానని ఎవరికీ మాటివ్వలేదు. ఏడో నెల పడగానే మళ్లీ లేచింది. ఈసారి దవడ బూరెలా పొంగింది. నోరు రోజురోజుకూ మూసుకుపోయి, చివరికి చిటికెన వేలు కూడా దూరనంత అయింది. ఒళ్లు కాలిపోయేది. బాలవ్వ లవంగ నూనె రాసింది, పసుపు పట్టు వేసింది, ఉప్పు నీళ్లు పుక్కిలించమంది. నోరు తెరుచుకోనిదే పుక్కిలించడం ఎట్లాగో ఆమెకే తెలియాలి. జావను పలచగా చేసి పళ్ల సందుల్లోంచి చెంచాతో పోసేది. అందులో సగం గడ్డం మీదుగా కారిపోయేది. మిగిలిన సగాన్ని మింగుతుంటే చెవిలో మేకు దిగినట్టుండేది.

దవాఖానకు పోదామని రవీంద్ర రెండుసార్లు అన్నాడు. "పోతే ఏం జేస్తరు, పీకుతరు," అంది బాలవ్వ. "గిన్ని దినాలు ఆపుకున్నం. ఇంకో రెండు నెలలు ఆపుకోలేమా?" ఆపుకునేది కోడలైనప్పుడు ఎన్ని నెలలైనా చెప్పవచ్చు.

ఇంత నరకంలోనూ జమునకు ఒకే ఒక ధైర్యం ఉండేది. గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని కడుపు మీద చేయి పెట్టుకునేది. అరచేతి కింద సన్నగా అదిరేది. ఉన్నాడు, కదులుతున్నాడు అనుకునేది. అంతకుముందులా గట్టిగా తన్నడం లేదేమని ఒకసారి కాలితో తన్నినట్టు సైగ చేసి, కడుపు చూపించి అత్తను అడిగింది. బాలవ్వ పక్కన కూర్చుని తన చేయీ పెట్టి చూసింది.

"మంచిగ మెదులుతున్నడు గాదే," అంది ముఖం వెలిగిపోతూ. "పెద్దగయిండు. ఎగరనీకి జాగ సాల్తలేదు. గిట్లనే సన్నగ మెదులుతడు."

ఇద్దరూ నమ్మారు. ఎందుకు నమ్మరు? చేతికి తెలుస్తుంటే కాదని ఎవరంటారు?

వాళ్ల గది ఆ మగ్గాల కారఖానాకు సరిగ్గా నెత్తి మీద ఉంది. కింద వరుసగా కరెంటు మగ్గాలు, పైన ఇనుప మెట్లెక్కితే వీళ్ల గది. ఆ మగ్గాలు పగలూ లేదు రాత్రీ లేదు, ఆడుతూనే ఉంటాయి. గూట్లో గ్లాసులు గలగలమంటూనే ఉంటాయి, బిందెలో నీళ్ల మీద ముడతలు తేలుతూనే ఉంటాయి. కొత్తగా వచ్చిన చుట్టాలకు కూర్చుంటే కడుపులో తిప్పుతుంది. వీళ్లకు ఆ అదురు లేకపోతే నిద్ర పట్టదు. అంతగా ఒంట్లో కలిసిపోయినదాన్ని మనిషి ఇక పట్టించుకోడు.

ఆ రోజు మధ్యాహ్నం సందు మొదట్లో ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలింది. కరెంటు పోయింది. మగ్గాలు ఒక్కసారిగా చచ్చిపోయాయి.

జమున అప్పుడూ గోడకు ఆనుకునే ఉంది. అప్పుడూ చేయి కడుపు మీదే ఉంది. గూట్లో గ్లాసులు ఆగిపోయాయి. బిందెలో నీళ్లు అద్దంలా నిలబడ్డాయి. ఆమె అరచేతి కింద అదురూ ఆగిపోయింది.

మొదట అర్థం కాలేదు. చేయి ఇటు జరిపింది, అటు జరిపింది. బొడ్డు కింద నొక్కింది. పక్కకు తిరిగి పడుకుంది. రాయిలా ఉంది. అప్పుడు తెలిసింది ఆమెకు, ఇన్ని రోజులు తన చేతికి తగిలింది బిడ్డ కాదనీ, కింది మగ్గాలనీ. నేల అదిరితే గోడ అదిరింది, గోడ అదిరితే వీపు, వీపు అదిరితే కడుపు. దాన్ని పట్టుకుని ఉన్నాడు, ఉన్నాడు అని మురిసింది. నిజంగా వాడు తన్నింది ఎప్పుడు? నిన్ననా? మొన్ననా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి.

అరుద్దామంటే నోరు లేదు. మూసుకుపోయిన పళ్ల వెనక నుంచి మూలుగు ఒకటి వచ్చింది, అంతే. బాలవ్వ వసారాలో కండెల గంప పక్కన కునుకు తీస్తోంది. జమున చేతుల మీద పాకుతూ పోయి ఆమె భుజం పట్టి కుదిపింది. చేయి లాక్కుని కడుపు మీద పెట్టుకుంది.

"ఏందే, నొస్తున్నదా?" అంది బాలవ్వ నిద్ర ముఖంతో.

జమున తల అడ్డంగా ఊపింది. కిందికి, మగ్గాల వైపు వేలు చూపించింది. వేలిని అటూ ఇటూ ఊపి, ఆపేసింది. మళ్లీ కడుపు చూపించి, అదీ ఆగిపోయిందన్నట్టు ఆపేసింది. "మగ్గం... ఆగింది... ఇదీ ఆగింది," అని పళ్ల సందుల్లోంచి ఒక్కో ముక్కా నెట్టింది.

బాలవ్వ ముఖంలో నిద్ర ఎగిరిపోయింది. రెండు చేతులూ కోడలి కడుపు మీద ఆనించి కళ్లు మూసుకుంది. ఎంతసేపు చూసినా ఆ కళ్లు తెరుచుకోలేదు. చివరికి లేచి పోయి చక్కెర నీళ్లు తెచ్చింది. చక్కెర నీళ్లు తాగితే లోపలి బిడ్డ లేస్తుందని ఎవరో చెప్పారు. గ్లాసు వంచి పళ్ల మధ్య పోస్తే జమున మెడ చాపి, ఏడుస్తూ, చెవిలోని మేకును లెక్కచేయకుండా గుటక వేసింది. ఇంకో గుటక వేసింది. ఎడమ పక్కకు తిరిగి పడుకుని వేచి చూసింది.

సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చింది. కింద ఒక మగ్గం, దాని వెంట ఇంకోటి, ఇక అన్నీ అందుకున్నాయి. నేల అదిరింది. జమున కడుపూ అదిరింది. ఇది బిడ్డా, మగ్గమా? ఏమీ తెలియలేదు. తెలియకుండా ఒక్క క్షణం ఉండలేకపోయింది. లేచింది. కళ్లు తిరుగుతుంటే కమ్మీ పట్టుకుని ఇనుప మెట్లు దిగింది. వెనకాల బాలవ్వ, పడతవే పడతవే అంటూ.

రవీంద్ర మగ్గాల మధ్య తెగిన పోగు అతుకుతున్నాడు. ఆ చప్పుడులో అక్కడ ఎవరూ నోటితో మాట్లాడుకోరు, అంతా సైగలే. భార్య ముఖం చూడగానే పోగు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. జమున మగ్గాలన్నిటినీ చుట్టి చూపించి, మెడ కోసినట్టు చేయి అడ్డంగా లాగింది. ఆపు అని. అతను తన మగ్గం ఆపాడు. ఆమె తల కొట్టుకుంది. అన్నీ, అన్నీ అని చేతులు చాపింది. ఆ చివర నిలబడి పనివాళ్లను అజమాయిషీ చేసే మాస్టర్ చూసి, ఏం తమాషా ఇది అన్నట్టు చేయి విసురుతూ ఇటు బయలుదేరాడు. నడుస్తున్న మగ్గాలను ఒక్కసారిగా ఆపితే గుడ్డ మీద గీతలు పడతాయి. ఎవరి గుడ్డ తాను మీద గీత పడితే వాడిదే తప్పు. రవీంద్ర కాళ్లు నేలకు అతుక్కుపోయాయి.

కొడుకును ఒక పక్కకు నెట్టింది బాలవ్వ. గోడ దగ్గర మెయిన్ స్విచ్చు ఎక్కడుందో ఆ కారఖానాలో ఆమెకు తెలియనిది కాదు. రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగేసింది.

చప్పుడు చచ్చిపోయింది. మాస్టర్ నోరు తెరిచి, బాలవ్వను చూసి మూసుకున్నాడు. అప్పటికే జమున మడతపెట్టిన గుడ్డల మీదికి ఒరిగింది. బాలవ్వ మోకాళ్ల మీద కూలబడి కడుపుకు చెవి ఆనించింది. మగ్గాల దగ్గర ఉన్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. రాజమౌళి అనే ముసలి నేతగాడు దగ్గు వస్తుంటే తువాలు నోట్లో కుక్కుకున్నాడు.

జమున కళ్లు గట్టిగా మూసుకుంది. ఒక్కసారి తన్ను నాయనా అని లోపలే బతిమాలుకుంది. నా నోరు కుళ్లిపోతే పోనీ. నాకు సూది భయం, నీకేం పాపం తెలుసు. నిన్ను పస్తు పెట్టి చంపానా? ఏమీ లేదు. చెమట మెడ మీదుగా దిగుతోంది. ఇంకా ఏమీ లేదు. బాలవ్వ తల ఎత్తింది. మగ్గాల హోరులో సగం పోయిన చెవులు ఆమెవి, వాటికి ఏం వినబడుతుంది?

అప్పుడు ఎడమ పక్కటెముక కింద, లోపల నుంచి, ఒకటి ఒత్తింది. తన్ను కాదు. అలసిపోయిన మనిషి తలుపు మీద చేయి ఆనించినంత. జమున చటుక్కున అత్త చేయి లాగి అక్కడ అదిమిపట్టింది. ఇంకొకటి వచ్చింది, ఇంకా సన్నగా. బాలవ్వ చేతికి తగిలింది.

"ఉన్నడు," అంది బాలవ్వ. "ఉన్నడు గని బలం లేదు. ఆటో తీస్కరా రవీ. ఉరుకు."

ఆటో వచ్చేదాకా మెయిన్ స్విచ్చు మీద ఎవరూ చేయి వేయలేదు.

గోడాదరా రోడ్డు సంగతి చెప్పేదేముంది. సగం తవ్వి పోశారు. ఆటో ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి దూకుతోంది. రవీంద్ర ముందు డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు. వెనక జమున తల బాలవ్వ భుజం మీద, బాలవ్వ చేయి జమున కడుపు మీద. నాలుగు గతుకులు దాటగానే బాలవ్వకు మళ్లీ భయం పట్టుకుంది.

"కొడుకా, జర ఆపమను," అంది. "ఒక్కసారి సూస్త. ఆటో ఊగుతుంటె తెలుస్తలేదు."

డ్రైవరు వేగం తగ్గించాడు. జమున కళ్లు తెరిచింది. ఆపితే ఏమవుతుంది? బిడ్డ కదిలితే మళ్లీ మనసు కుదుటపడుతుంది. ఆ కుదుటపడటమే కదా ఇక్కడిదాకా తెచ్చింది. కదలకపోతే ఆ తర్వాత రోడ్డంతా కూర్చునే శక్తి తనకు లేదు. చేయి చాపి రవీంద్ర వీపు మీద కొట్టింది.

"ఆపద్దు," అంది పళ్ల సందుల్లోంచి. "పోనియ్యి."

ఆటో మళ్లీ అందుకుంది. జమున అత్త వైపు తిరిగింది. దవడ భగభగ మండుతోంది. మాట మాటకూ నీళ్లు కళ్లలోంచి దూకుతున్నాయి.

"అత్తమ్మా, పన్ను తియ్యనిస్తవా?"

బాలవ్వ కొంగుతో కోడలి గడ్డం మీద కారుతున్న చొంగను తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఏడ్చింది.

"పన్నేంది బిడ్డా, నా కండ్లు పీకుతమన్నా పీకనిస్త," అంది. "నోరు తెరిసి నువ్వు ఒక్క బువ్వ ముద్ద తినంగ సూస్తె సాలు."

ఆటో గతుకుల మీద ఊగుతూనే ఉంది. జమున కడుపు అదురుతూనే ఉంది. అది బిడ్డో, రోడ్డో తెలుసుకోకుండానే ఆమె దవాఖాన గేటు దాకా కూర్చుంది.