ఏడో రోజున విప్పిన సెంట్రింగ్

తుపాకి గుండ్లు సైటు ఆఫీసు అద్దాలను జల్లున రాల్చగానే ప్రాజెక్టు మేనేజరు సర్మద్ బల్ల కిందికి దూరాడు. మేస్త్రీ జాసిబ్ దూరలేకపోయాడు. భుజం చీలి, గోడ మీద నెత్తుటి చారిక గీస్తూ కూలబడ్డాడు.

"తప్పు నాదని రాశావట కదా, ఇంజనీరూ!" అన్నాడు పళ్లు బిగించి. "ఇది బెదిరింపే. రేపు గురి చూసే కాలుస్తారు."

కాల్చినవాళ్ల కారు బస్రా వైపు దూసుకుపోయింది.

నాలుగు రోజుల కిందట వాళ్లు కడుతున్న అంగడి భవనం స్లాబు కూలి, లఫ్తా అనే కూలీ కింద నలిగి చచ్చాడు. ప్రతి దశ ముగిశాక ఏం జరిగిందో, తానేం నేర్చుకున్నాడో నోటుబుక్కులో రాసుకోవడం సర్మద్ అలవాటు. ఎదగడానికి అదే మెట్టని అతని నమ్మకం. ఈసారి ఆ పేజీనే నివేదికగా పంపాడు: మేస్త్రీ తొందర. ఆ మాట లఫ్తా తెగవాళ్ల చెవిన పడింది.

జాసిబ్‌కు కట్టు కట్టించి వచ్చి, సర్మద్ పాత పేజీలు తిరగేశాడు. తొమ్మిదేళ్లు. వాన తప్పు, సిమెంటు తప్పు, మేస్త్రీ తప్పు. తాను ఎక్కడా లేడు.

కొత్త పేజీ రాసి, మర్నాడు లఫ్తా తెగవారు రెల్లుతో కట్టుకున్న అతిథి మండపానికి వెళ్లాడు. తెగ పెద్ద మిజ్‌హిర్ కాఫీ పోయించాడు. సర్మద్ కప్పును నేల మీద పెట్టాడు. అక్కడి ఆచారం ప్రకారం, అడిగింది ఇస్తామనే దాకా అతిథి దాన్ని ముట్టడు.

"ఏం కావాలి?"

"జాసిబ్ ప్రాణానికి మీ అభయం." కాగితం విప్పి చదివాడు. "పద్నాలుగు రోజులు ఆగాలన్నాడు జాసిబ్. గడువు తప్పితే పేరు పోతుందని, ఏడో రోజే స్లాబు కింది సెంట్రింగ్ విప్పించాను. వద్దన్నవాణ్ణి పిరికిపంద అన్నాను..."

"నువ్వా చంపింది!" లఫ్తా తమ్ముడి తుపాకి మడమ అతని నోటిని పగలగొట్టింది. రెండో దెబ్బకు వేళ్లు విరిగాయి. కాగితం మాత్రం వదలలేదు.

"ఆగరా! కడదాకా చదవనీ," అన్నాడు పెద్ద.

"ఇక మేస్త్రీ వద్దంటే వద్దే," ఉమ్ముతో పాటు నెత్తురు మింగుతూ చదివాడు సర్మద్. "కాదనే హక్కు నాకు లేదు."



"లఫ్తా బతికుండగా రాయాల్సింది, కొడుకా," అన్నాడు మిజ్‌హిర్.

"అవును."

"మా తుపాకులు ఇక జాసిబ్ గుమ్మం తొక్కవు. నీ సంగతి శుక్రవారం నమాజయ్యాక తేలుస్తాం. తాగు."

సర్మద్ విరిగిన వేళ్లతో కప్పు ఎత్తాడు. నెత్తురూ కాఫీ ఒకే గుటకలో దిగాయి.