నీళ్లలో కలిసిన నూనె

స్టీలు గిన్నెను మంత్రగాడు మూడోసారి ఐలవ్వ మూతి దగ్గరకు తెచ్చాడు. అప్పటికి పొద్దెక్కి గంట దాటింది. ఆమె ఇంకా చాయ తాగలేదు, కాలనీ రోడ్డు మీద చీపురు పెట్టలేదు. భూపాల్ ఇంటి పోర్టికోలో, తెల్ల అంబాసిడర్ వెనక చక్రం పక్కన, ఇరుగుపొరుగు గోడల మీంచి చూస్తుండగా ఆమెను నిలబెట్టారు.

"తాగు. నువ్వు చెయ్యకుంటె నీకేం గాదు. చేసినవనుకో, నీ మంత్రం నీకే తిరుగుతది," అన్నాడు మంత్రగాడు.

నిన్న సాయంత్రం బెల్లంపల్లి దిక్కు నుంచి దిగిన మనిషి. మెడలో పూసల దండలు, చేతికి మెరిసే గడియారం. మాటకొకసారి గడియారం చూసుకుంటున్నాడు. మధ్యాహ్నానికి ఇంకో ఇంట్లో ఇంకొకరి మంత్రం విరవాలేమో అనుకుంది ఐలవ్వ.

ఆమె పళ్లు బిగించి ముఖం పక్కకు తిప్పుకుంది. పళ్ల సంగతి ఆమెకు బాగా తెలుసు. మేనత్త పోశవ్వను మంత్రాలు చేస్తుందని ఊరివాళ్లు పట్టుకుని, పటకారుతో ముందు పళ్లు నాలుగు ఊడబీకారు. ఆ తర్వాత పోశవ్వ పదకొండేళ్లు బతికింది. ఆ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా మాట్లాడలేదు.

కార్మికుల కాలనీ రోడ్లు ఊడ్చే కాంట్రాక్టు భూపాల్‌ది. అతని కింద పదహారుమంది ఆడవాళ్లు, నెలకు పద్దెనిమిది వందల జీతం. వాళ్లలో ఒకరు రోజూ ముందుగా భూపాల్ ఇంటికి వచ్చి వాకిలి ఊడ్చి, పోర్టికో కడిగి, ఆ తర్వాతే కాలనీకి పోవాలి. ఆ పనికి జీతం లేదు. అసలది పనే కాదని భూపాల్ ఉద్దేశం. రెండేళ్లుగా ఆ పని కాని పని ఐలవ్వ చేస్తోంది.

ఇదే భూపాల్ ఒకప్పుడు గని గేటు ముందు మైకు పట్టుకుని, కార్మికుడు మూఢనమ్మకాల సంకెళ్లు తెంచుకోవాలని గొంతు చించుకునేవాడు. ఐలవ్వ మొగుడు ఆగయ్య డ్యూటీ దిగి, అన్నం తినకుండా ఎండలో నిలబడి ఆ మాటలకు చప్పట్లు కొట్టేవాడు. ఆ ఉపన్యాసాలే భూపాల్‌ను కాంట్రాక్టు దాకా మోసుకొచ్చాయి. కాంట్రాక్టు చేతికొచ్చాక వాటి అవసరం తీరిపోయింది. వేలంలో ఈ అంబాసిడర్ కొన్న నెలకే మొదటి కాంట్రాక్టు తగిలిందట. అందుకని పదహారేళ్ల పాత బండిని అమ్మడు, బాగు చేయించడు. ప్రతి శుక్రవారం దాని ముందు కొబ్బరికాయ మాత్రం కొడతాడు.

పది రోజుల కింద వెనక చక్రం కింద రూపాయి బిళ్లంత మరక కనిపించింది. మర్నాటికి అరచేయంత అయింది. భూపాల్ వేలితో తాకి చూశాడు. జారుతోంది కాబట్టి నీళ్లు కాదన్నాడు. డ్రైవర్ మొగిలి చెంబెడు నీళ్లు పోస్తే మరక శుభ్రంగా కొట్టుకుపోయింది. నూనె అయితే అట్లా పోదు కాబట్టి నూనె కూడా కాదన్నాడు. బానెట్ ఎత్తి చూస్తే ఇంజను పొడిగా ఉంది. చౌరస్తాలో అస్గర్ మెకానిక్‌కు చూపిద్దామని మొగిలి అంటే, రెండు రోజులు బండి లేకుండా ఎట్లా తిరుగుతానని కసిరాడు. నాలుగో రోజుకు గచ్చు మీది ఎర్ర రంగు ఆ చక్రం కింద పొక్కులెక్కి పొరలు పొరలుగా లేచింది. ఆ వారమే ఆరేళ్ల కూతురు సహస్రకు జ్వరం వచ్చింది. ఆ వారమే ఒక టెండరు చేజారింది. నీళ్లు కానిది, నూనె కానిది, రంగును తినేది ఏమై ఉంటుందని భూపాల్ రెండు రాత్రులు ఆలోచించి, చేతబడి అని తేల్చాడు. తెల్లారితే అందరికంటే ముందు పోర్టికోలో అడుగుపెట్టేది ఐలవ్వే కదా.

ఐలవ్వ ఆలోచించాల్సిన పనే పడలేదు. మూడో రోజు ఆ మరకను కడుగుతూ వేళ్ల మధ్య రుద్ది చూసి, అదేమిటో మొగిలికి చెప్పింది. "సారుకు నేను చెప్త, నువ్వు చెప్పకు," అన్నాడు మొగిలి. అతను చెప్పలేదు.

రాత్రి చక్రం కింద పెట్టిన గిన్నెలో రెండు చెంచాల పలుచని ద్రవం చేరింది, లేత పసుపు రంగులో. తాగడానికి వీలుగా ఉంటుందని మంత్రగాడు అందులో అర గ్లాసు నీళ్లు పోశాడు. నూనెలా పైకి తేలకుండా అంతా ఒకటైపోయింది. గిన్నె అందరికీ వంచి చూపించాడు.

"సూసిండ్రా? నూనె లెక్క జారుతది, నీళ్లల్ల కరుగుతది. గిది మనుషులు చేసిన వస్తువైతె గిట్లుంటదా?"

గోడ మీంచి ఎవరో "అమ్మో" అన్నారు. భూపాల్ భార్య సంతోషి గడప లోపలే నిలబడి, జ్వరం ముఖంతో ఉన్న పిల్లను దగ్గరకు లాక్కుంది.

అప్పుడు నోరు విప్పింది ఐలవ్వ.

"నేను తాగ, సారూ. గిది బ్రేకాయిల్. తాగితె సస్తరు."

"నీకెట్ల ఎర్క? ఇంజనీరువా నువ్వు?" అన్నాడు భూపాల్. గోడల మీద కొందరు నవ్వారు.

"ఇర్వై ఎనిమిదేండ్లు మా ఆయన గనిల బండ్లు బాగుజేసే షెడ్డుల పని చేసిండు. ఆయన బట్టలు ఉతికింది నేను," అంది ఐలవ్వ. "ఇంజనాయిల్ నల్లగుంటది, గాసునూనె పెట్టంది పోదు. గేరాయిల్ కంపు కొడ్తది. డీజిల్ వాసన మూడు ఉతుకులకు గాని ఇడ్వదు. బ్రేకాయిల్ ఒక్కటే ఉత్త నీళ్లకు పోతది. గదొక్కటే రంగును తింటది. ఒకపారి ఆ అంగీ మా రేకు పెట్టె మీదేస్తె తెల్లారేసరికి పెట్టె రంగంత లేచింది. గీయన నీళ్లు పోసి నా మాటే నిజమని సూపెట్టిండు."

మంత్రగాడు మెల్లగా నవ్వాడు. "దొరికినోళ్లందరు గిట్లనే తెలివి మాటలు చెప్తరు. ముందుగాల తాగు."

"నువ్వు తాగు," అంది ఐలవ్వ. గిన్నెను అతని చేతిలో ఉండగానే అతని వైపు నెట్టింది. "నువ్వు మంత్రం చెయ్యలే గద. చెయ్యనోళ్లకు ఏం గాదంటివి."

మంత్రగాడు గడియారం చూసుకున్నాడు. "నేను ఉపాసమున్న," అన్నాడు.

అరగంట కింద అతను అదే పోర్టికోలో కుర్చీ వేసుకుని నాలుగు ఇడ్లీలు తినడం అందరూ చూశారు. గోడల మీద ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఐలవ్వ డ్రైవర్ వైపు తిరిగింది. "మొగిలీ, ఎక్కి బ్రేకు తొక్కు. సారు సూడని."

మొగిలి భూపాల్ ముఖం చూశాడు, నేల చూశాడు. చివరికి తలుపు తెరిచి కూర్చుని కాలు పెట్టాడు. పెడలు చప్పుడు లేకుండా అడుగుదాకా పోయింది. మళ్లీ తొక్కాడు. మూడోసారికి కాస్త గట్టిపడింది. ఐలవ్వ వంగి చక్రం లోపలి వైపు చెయ్యి పోనిచ్చి బయటకు తీసి చూపించింది. వేళ్లు తడితో మెరుస్తున్నాయి.

"వారం సంది గిట్లనే ఉన్నది, సార్," అన్నాడు మొగిలి తల ఎత్తకుండా. "రెండు మూడు పార్లు తొక్కితె పడ్తది. చెప్తె నేనే ఖరాబ్ జేసిన అంటరని..."

ఐలవ్వ అతని వైపు చూసింది. ఉద్యోగం పోతుందని భయపడటం ఆమెకు అర్థమయ్యేదే. కానీ ఆ గిన్నె తన పెదాలకు ఆనినప్పుడు కూడా వీడు నేల చూస్తూ నిలబడ్డాడు. కోపం కూడా రాలేదు ఆమెకు. కోపం మనుషుల మీద వస్తుంది.

"చక్రంల చిన్న రబ్బరు పోయింది. నలభై రూపాయలు గూడ గాదు. అస్గర్ కాడికి పంపుండ్రి," అంది భూపాల్‌తో.

భూపాల్ ముఖం మాడిపోయింది. మంత్రగాడికి ఐదు వేలు ఇచ్చాడు. వీధి వీధంతా చూస్తోంది. ఊడ్చే ఆడది చెప్తోంది. మంత్రగాడే అతన్ని ఆదుకున్నాడు.

"బ్రేకే పోయింది, నేను కాదంటలే. పోగొట్టిందెవలు? మంత్రం బ్రేకుల జొచ్చింది. పిల్లను పగటీలి, పన్నెండు కొట్టేవరకు మా అమ్మోరి గద్దె కాడికి తీస్కపోవాలె, గీ బండిలనే."

భూపాల్ ముఖంలోకి ప్రాణం తిరిగొచ్చింది. నలభై రూపాయల రబ్బరును ఒప్పుకునే పని తప్పింది.

"మొగిలీ, బండి తియ్. మూడుపార్లు తొక్కితె పడ్తదంటివి గద, నాలుగుపార్లు తొక్కు."

"ఒక్కసారి అస్గర్‌కు సూపెట్టరాదు," అంది సంతోషి గడపలోంచి, చిన్నగా.

"నువ్వు ఎక్కు," అన్నాడు భూపాల్. ఆమె పిల్లకు దుప్పటి చుట్టి ఎక్కింది. మంత్రగాడు ఆటోలో వస్తానని, దారిలో ఎవరినో కలిసే పని ఉందని చెప్పి కారుకు రెండడుగులు దూరం జరిగాడు. ఆ సంగతి ఐలవ్వ తప్ప ఎవరూ గమనించినట్టు లేదు.

"రేపటి సంది పనికి రాకు," అన్నాడు భూపాల్ ముందు సీట్లో కూర్చుంటూ. "పోయి గేటు తియ్."

ఐలవ్వ గేటు దాకా నడిచింది. ఇనుప కమ్మీల అవతల రోడ్డు నేరుగా కిందికి, చౌరస్తాలోకి దిగుతుంది. బడి గంట వేళ. పిల్లలు ముగ్గురు నలుగురు చేతులు పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నడుస్తున్నారు. మొదటి షిఫ్టు మనిషి ఎవడో ఆలస్యమై సైకిల్ తొక్కుతున్నాడు. కింద మూల మలుపులో కూరగాయల వాళ్లు గోనెలు పరుచుకుంటున్నారు. గొళ్లెం మీద ఆమె చెయ్యి పడింది. ఇంకొక్క క్షణమైతే, రెండేళ్ల అలవాటు ప్రకారం అదే దాన్ని లాగేసేది.

వెనక ఇంజను గురగురలాడింది. హారన్ మోగింది.

ఐలవ్వ వెనక్కి తిరిగి గేటుకు వీపు ఆనించి నిలబడింది.

"ఏందే, చెవుడా? గేటు తియ్," కారు కిటికీలోంచి అరిచాడు భూపాల్.

"తియ్య."

గొంతు పెంచలేదు. ఆ కారులో భూపాల్ ఒక్కడే ఉండి, కింద ఆ రోడ్డు ఖాళీగా ఉండి ఉంటే, ఈపాటికి రెండు రెక్కలూ బార్లా తెరిచి పక్కకు జరిగేది.

భూపాల్ తలుపు దబ్బున తీసి దిగాడు. గోడల మీది తలలు ఇంకొన్ని పెరిగాయి. స్టీరింగు వెనక మొగిలి, ఎవరూ చెప్పకుండానే, పెడలు తొక్కుతున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఐలవ్వ రెండు చేతులూ వెనక్కి పెట్టి గేటు కమ్మీలను గట్టిగా పట్టుకుంది.