కడుపు చెప్పిన మందులు

పొద్దున్నే కాంపౌండరు తాతయ్య చేసే మొదటి పని, ఇంటి కుక్క నల్లది దొడ్డికెళ్లిన చోటికి వెళ్లి చూడటం. కాస్త పల్చగా కనబడిందా, ఇంట్లో ఎవరికో రాసినవాటిలో మిగిలిన మాత్ర ఒకటి బ్రెడ్డు ముక్కలో దాచి పెట్టేవాడు. రెండో మాత్రకు కుదురుకుంటే ఆపేసేవాడు. ముప్పయ్యేళ్లు మందుల షాపులో నిలబడ్డ మనిషికి ఇంకో డాక్టరెందుకు? కోడలు మాత్రం కుక్కకు మన మందులు వద్దని మొత్తుకునేది.

"నేనెందుకు వేస్తానమ్మా!" అనేవాడు తాతయ్య, మొహం ఏమాత్రం మారకుండా.

ఇంతలో మనవరాలికి మూత్రంలో మంట, ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆసుపత్రిలో రెండు మందులు మార్చినా దిగలేదు.

"ల్యాబు రిపోర్టుకు ఇంకా రెండు రోజులు పడుతుంది. పాప అంతదాకా ఆగేలా లేదు," అంది డాక్టరమ్మ. "కుక్క పక్కనే పడుకుంటుందన్నారుగా? తీసుకురండి, దాని కడుపునడుగుదాం."

కుక్క కడుపు తిన్న మందును మర్చిపోదు. అడిగితే, వేసినవాళ్ల గొంతుతోనే చెబుతుంది. అది అందరికీ తెలిసిందే. ఆ గొంతు తనదేనని తాతయ్యకు తెలుసు. నిండిన కడుపు మాట్లాడదని ఎవరో అనగా విన్నాడు. తానే ఇంటికెళ్లి, నల్లదానికి గిన్నెడు పాలూ బ్రెడ్డూ పెట్టాడు. అక్కడ పిల్ల మూలుగుతుంటే ఇక్కడ ఈ పనేమిటని తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చెయ్యి ఆగలేదు.

నల్లదాన్ని వార్డుకు తీసుకొచ్చాక డాక్టరమ్మ దాని కడుపు నిమిరింది. కాసేపు గుడగుడమని, వార్డంతా వినేలా తాతయ్య గొంతు మొదలైంది. ఒక్కో మందు పేరు, వెనకాలే "రెండు చాల్లే, మిగతావి ఉంచుదాం." అలా తొమ్మిది పేర్లు. చివర ఇందాక పాలు పెడుతూ అన్న మాట కూడా: "ఇంకాస్త తాగవే తల్లీ. నువ్వు చెప్పావంటే నా పరువు పోతుంది."

తాతయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. కోడలి వైపు చూడలేక గోడకేసి తిరిగాడు.

"ఈ అరకొర మందులకు దీని పేగుల్లో రాటుదేలిన క్రిములే పాపకు చేరాయి," అంది డాక్టరమ్మ. తొమ్మిదింటినీ కొట్టేసి, కడుపు చెప్పని మందొకటి రాసింది. మూడో రోజుకు పిల్ల లేచి కూర్చుని ఆకలన్నది.

ఇంటికి బయల్దేరుతుంటే కోడలు తిడుతుందని కాచుకున్నాడు తాతయ్య. తిడితేనే బావుండుననుకున్నాడు. ఆమె మందుల సంచి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇంకా వారం రోజులు, పూటకొకటి. ఒక్కటి కూడా మిగలకూడదు. పాపకు మీరే వేయండి మామయ్యా."

కళ్లు తుడుచుకోవడానికైనా ఆయన ఆ సంచి కింద పెట్టలేదు.