ఏటీ లేని జాగా

అరవై ఎనిమిదిలో మా మునిసిపాలిటీకి మాస్టరు ప్లాను పట్టుకుంది. దయ్యం పట్టుకున్నట్టే పట్టుకుంది. రాబోయే ఇరవై ఏళ్లలో ఊరు ఎటు పెరగాలో కాగితం మీద గీసి, కౌన్సిల్లో తీర్మానించి, ప్రభుత్వానికి పంపాలి. ఊళ్లో మాస్టర్లు ముప్ఫైమంది ఉన్నారు గాని ఒక్కరి దగ్గరా ప్లాను లేదు. అందుకని గోదావరి వైపు నుంచి నన్ను బదిలీ మీద తెచ్చారు. నేను పటాలు గీసేవాణ్ణి. అప్పటివరకు గట్టిగా నవ్వడం, నవ్వించడం తప్ప నాకు వేరే జబ్బు లేదు.

ఇళ్లకు పసుపు, దుకాణాలకూ బస్సులకూ నీలం, మిల్లులకు ఊదా, ఏమీ కట్టకూడని చోటుకు ఆకుపచ్చ. ఇదీ మా రంగుల రాజ్యాంగం. ఛైర్మన్ గణపతిరావు గారి కోరిక ఒక్కటే, రాజాం బస్సులు ఆగడానికి ఒక బస్టాండు. "నడిరోడ్డు మీద ఆగిపోతన్నాయయ్యా! ఆవులు లేసి దారిస్తన్నాయి గాని బస్సులివ్వట్లేదు," అనేవారు.

ఊరికి పడమర తాటిచెట్ల వెనక రెండెకరాల జాగా కనబడింది. కొలత గొలుసు మోసే గంగులును తీసుకుని మిట్టమధ్యాహ్నం వెళ్లాను. గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది, కోసినవాడు లేడు. నేల తలగడలా మెత్తగా దిగుతోంది. కనుచూపు మేర ఇల్లు లేదు గాని ఎక్కడి నుంచో వస వాసన. పసిపిల్లల నాలుకకు అరగదీసి రాసే వస.

"గంగులూ, ఇక్కడ ఏముందిరా?"

"ఏటీ లేదు బావూ. రాసీండి." వాడు ఆ మాట నేలకేసి చూసి చెప్పలేదు, ఆకాశానికేసి చెప్పాడు.

దారినపోయే ముసలి దాలయ్యను అడిగాను. "ఏటీ లేదు." కూరగాయల తట్టతో వస్తున్న తవిటమ్మను అడిగాను. "ఏటీ లేదు బావూ," అంది. అని, అడ్డంగా పోతే చిటికెలో దాటే జాగాను అంత బరువుతో చుట్టూ తిరిగి పోయింది.

ముగ్గురు సాక్షులు. ఇంకేం, 'ఖాళీ' అని రాసి నీలం పూశాను. 'ఖ'కు వత్తిచ్చి గర్వంగా రాశాను గాని, వత్తు తీసి 'కాళీ' అని చదువుకోవలసిన చోటని నాకేం తెలుసు?

చిత్తు ప్లానును ఆఫీసు వరండాలో వేలాడదీశాం. అభ్యంతరం ఉన్నవాళ్లు అరవై రోజుల్లో కారణం రాసి ఇవ్వాలి. అభ్యంతరం లేనివాడు పౌరుడే కాడన్నట్టు జనం విరగబడ్డారు. ఒకాయన కొత్త రోడ్డు తన మామగారి వంటింట్లోంచి పోవాలని కోరాడు. వచ్చిన ప్రతివాడూ పటం మీద తన ఇంటిని వెతికి వేలు పెట్టేవాడు. నెల తిరిగేసరికి నూనె వేళ్లతో, సున్నం వేళ్లతో ఊరంతా మాసిపోయింది.

ఒక్క చోటు తప్ప.

ఆ నీలం ముక్క మీద ఒక్క వేలిముద్ర లేదు. పక్కనే తడుముతున్న వేళ్లు అక్కడికి రాగానే పిడికిలిలోకి ముడుచుకునేవి. అన్నింట్లో వేలు పెట్టే ఊరు వేలు పెట్టని చోటది.

తవిటమ్మ రోజూ వచ్చేది. తట్ట దించి, చేతులు వెనక్కి కట్టుకుని పటం ముందు నిలబడి వెళ్లిపోయేది. యాభై తొమ్మిదో రోజున నోరు విప్పింది.

"బావూ, ఆ నీలం తీసీండి."

"ఏమీ లేదని నువ్వే అన్నావుగా!"

"అలాగే అనాల."

"కారణం చెప్పు, నేనే రాసిపెడతాను. ఎవరున్నారక్కడ?"

చెంగు నోట్లో కుక్కుకుంది. నేను మాట మార్చాను. "పిల్లలెందరు?"

"ఒక్కడే. పెంటయ్య. నాలుగేళ్లు. ఆడికి ముందు..." మూడు వేళ్లెత్తి, ఆ వేళ్లను చూసి తనే భయపడ్డట్టు దాచేసింది. "నోటితో అంటే పిలిసినట్టే బావూ. పిలిస్తే లేసి వస్తారు. వొచ్చి మా గుంటడ్ని ఆటకి తీసుకుపోతారు. సెప్పకపోతే ఆళ్ల మీద బస్సులు తొక్కుతాయి. నానేటి సేసేది?"

గంగులును నిలదీస్తే తల వంచుకున్నాడు. "మీరడిగినారు గాని, అక్కడ నిలబడి ఎవడు సెప్తాడు బావూ?" ఈ వైపు పసికందుల్ని పూడ్చిన చోట రాయి పెట్టరు, వేలు చూపరు, మాట ఎత్తరు. నవ్వు అమ్ముకుని బతికినవాణ్ణి, ఆ పూట సరుకు లేక కొట్టు కట్టేశాను.

గడువు తీరిన మర్నాడు మధ్యాహ్నం మూడింటికి కౌన్సిలు కూర్చుంది. అభ్యంతరాలన్నీ అయ్యాక, కారణం లేకుండానే నేను రాసిపెట్టిన తవిటమ్మ అభ్యంతరం చదివాను.

"కారణం?" అన్నారు గణపతిరావు గారు.

"రాయలేదండి."

"కారణం లేనిది అభ్యంతరమేటయ్యా? అది అలక!"

సభ గొల్లుమంది. కొట్టేయడానికి కలం ఎత్తారు. కారణం నాకు తెలుసు, చెబితే పిలిచినట్టే. ఏం తోచక ఆ వార్డు ఓటర్ల జాబితా తెరిచాను.

ఈ జిల్లాల్లో పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తరవాతి బిడ్డను చేటెడు తవుడికి పక్కింటివాళ్లకు అమ్మి తెచ్చుకుంటారు. లేదా పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఎత్తుకుంటారు. చావు కంటికి ఆననంత చవక పేరు పెడతారు.

"గేదెల తవిటయ్య," చదివాను. "లెంక పెంటమ్మ. మజ్జి తవుడు. పిన్నింటి తవిటమ్మ. గేదెల పెంటమ్మ..."

పదో పేరుకి నవ్వులు ఆగాయి. ఇరవయ్యో పేరుకి పంకా చప్పుడు వినబడింది. ప్రతి పేరు తరవాతా నా గొంతు వెనక సన్నగా ఎవరో 'ఊఁ' కొడుతున్నట్టనిపించింది. నాకొక్కడికేనేమోనని తలెత్తాను. సభ్యులందరూ గుమ్మం కేసి చూస్తున్నారు. గుమ్మంలో ఎవరూ లేరు. మూడో వార్డు సభ్యుడు తవిటినాయుడు తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

"సాలు," అన్నారు గణపతిరావు గారు, గొంతు తగ్గించి. "ఇంక సదవకు. ఆకుపచ్చ ఏసీయ్. బస్టాండు తూరుపేపు సూద్దాం."

ప్లాను ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. మళ్లీ ఎవరూ కారణం అడగలేదు.

గెలిచినవాడిలా వరండాలోకి వచ్చాను. తవిటమ్మ కిటికీ కింద నిలబడి అంతా వింది. ముఖంలో నెత్తురు లేదు.

"తీసేశారమ్మా!"

"పిలిసినావు," అంది. 'బావూ' పోయింది, మర్యాదా పోయింది.

"నేను బతికున్నవాళ్ల పేర్లే చదివాను తవిటమ్మా!"

"ఆళ్ల పక్కనే కాదేటి ఈళ్లు నిలబడేది?" నా వెనక్కి, మోకాలెత్తున, ఒక్కసారి చూసింది. "నా గుంటడ్ని తీసుకుని మాయక్క కాడికి భావనపాడు పోతన్నాను. నువ్వు పిలిసినావు గనక ఈళ్లని నువ్వే సూసుకో."

ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. పెంటయ్య కులాసాగా ఉన్నాడనీ, సముద్రం ఒడ్డున పీతల వెంట పరిగెడుతున్నాడనీ ఏడాదికోసారి కబురు వస్తుంది. ఆమె మాత్రం మళ్లీ ఈ ఊరు రాలేదు.

నేను ఈ ఊరు వదిలి వెళ్లలేదు. వచ్చిన బదిలీ రద్దు చేయించుకున్నాను. ఆఫీసు నుంచి ఇంటికి నడుస్తుంటే పంచె అంచు ఎవరో కింది నుంచి పట్టుకున్నట్టు బరువుగా ఉంటుంది. ఒకరు కాదు, చాలామంది. వెనక్కి తిరిగి చూడను. మొదట్లో గబగబా నడిచి వదిలించుకోవాలని చూశాను. ఇప్పుడు అడుగులు చిన్నవిగా వేస్తున్నాను.