కంచె తీగకు గుచ్చిన గేర్లు

రెక్స్ షిర్మర్ దొంగ కాడు. దొంగే అయితే లయల్ నోస్కే పోలీసు ఠాణాకు వెళ్లి ఓ కాగితం రాసిచ్చి, మనసు తేలిక చేసుకుని ఇంటికొచ్చేవాడు. లయల్‌కు బండి అమ్మేటప్పుడే రెక్స్ "రెండో గేరు నిలవదురా, తన్నుకుని బయటికొచ్చేస్తుంది, తర్వాత నన్నంటే ఊరుకోను" అని ముందుగా చెప్పేశాడు. చెప్పి మరీ అమ్మాడు. అలాంటివాడి మీద కోపం నిలబెట్టుకోవడం ఎంత చాకిరో లయల్‌కే తెలుసు. నలభై ఏళ్లుగా ఆ చాకిరీ చేస్తున్నాడు.

వాళ్ల ఊరు పీటర్‌బరోలో రైలింజన్ల షెడ్డు ఇంకా పొగలు కక్కే రోజుల్లో, ఇద్దరికీ పదిహేనేళ్లప్పుడు, ఫిట్టరు పని నేర్చుకోవడానికి ఆ ఏడు ఒక్కటంటే ఒక్క చోటు ఖాళీ వచ్చింది. రెక్స్ బడిలో ఉన్నాడు గనక అది రెక్స్‌కు పోయింది. అప్పటికే బడి మానేసిన లయల్‌కు చీపురూ పారా ఇచ్చారు. షెడ్డు మూతపడ్డాక రెక్స్ ఆ చేతిపని పట్టుకుని గనులకు వెళ్లాడు, నాలుగు రాళ్లు వెనకేసుకుని యాభై నాలుగేళ్లకే పని చాలించి ఊళ్లోకొచ్చాడు. లయల్ కౌన్సిల్ వాళ్ల రోడ్డు ముఠాలో చేరి ఇప్పటికీ గుంతల్లో తారు పోస్తూనే ఉన్నాడు.

మరి అలాంటి రెక్స్ దగ్గరే బండి ఎందుకు కొన్నట్టు? అందుకే కొన్నాడు. అది పంతొమ్మిది వందల యాభైనాలుగు నాటి ఇంగ్లీషు మోటారుసైకిలు, అయిదువందల సీసీ. రెక్స్ షెడ్డులో అలాంటివి ఆరున్నాయి, దీన్ని విప్పే తీరిక అతనికి లేకపోయింది. కాగితం మీద ఫిట్టరైనవాడు వదిలేసిన గేరుపెట్టెను, కాగితం లేనివాడు తన షెడ్డులో, తన బల్ల మీద బాగు చేస్తాడు. అదీ లయల్ లెక్క. ఆ మాట ఎవరితోనూ అనలేదు. గ్లెనిస్‌తో అనాల్సిన పనే లేదు, ముప్పై ఏళ్ల కాపురంలో ఆమెకు చెప్పకుండానే తెలిసినవాటిలో అదొకటి.

రెండు చలికాలాలు పట్టింది. వారమంతా పారపట్టి వాచిన మణికట్లతో శనివారం మధ్యాహ్నం షెడ్డులో కూర్చునేవాడు. కిరసనాయిలు పొయ్యి కాళ్లకు మాత్రమే వెచ్చగా ఉండేది, వేళ్లకు అందేది కాదు. రేడియోలో ఫుట్‌బాల్ అరుపులు. పెట్టె విప్పేటప్పుడు ఒక్కో గేరూ, ఒక్కో వాషరూ ఊడదీసిన వరసలోనే కంచె తీగకు గుచ్చేవాడు, చేపలు గుచ్చినట్టు. ఆ పద్ధతి పాత షెడ్డులో చీపురు పట్టుకుని తిరుగుతూ గుమ్మంలోంచి ఫిట్టర్లను చూసి పట్టేశాడు. తీగకు గుచ్చితే వరస తప్పదు, వరస తప్పకపోతే పని తప్పదు.

"మళ్లీ విప్పావా?" అంది గ్లెనిస్, టీ కప్పుతో గుమ్మంలో నిలబడి.

"ఊఁ."

"మూడోసారా, నాలుగోసారా?"

"లెక్క నువ్వు పెట్టుకో. నాకు చేతులు ఖాళీ లేవు."

"అదేంటయ్యా, నూనె కారకుండా ఆ పెట్టె కింద పెట్టింది నా పళ్లెం కదూ? క్రిస్మస్‌కి మాంసం కాల్చేది?"

"ఈ ఏడు గేర్లు కాల్చుకుని తిందాం."

"పోయిన ఆదివారం తిన్నది అదేగా! పొయ్యిలో నీ పెట్టె పెట్టి తీసిన మర్నాడు నేను గొర్రె తొడ కాల్చాను. మా అక్క ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, ఏ పెట్రోలు బంకులో కొన్నావే అని అడిగింది."

లయల్ నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశాడు. పెట్టెను వేడి చేస్తే తప్ప కొత్త బేరింగులు దిగవు. ఇంట్లో అంత వేడి ఇచ్చేది గ్లెనిస్ పొయ్యి ఒక్కటే.

"రెక్స్‌ని అడగొచ్చుగా. రెండు వీధుల అవతలేగా ఉండేది," అంది ఆమె కప్పు బల్ల మీద పెడుతూ.

"వాణ్ని అడిగే బదులు నిజంగానే వీటిని వేయించుకు తింటాను."

"అయితే నూనె వేరే కొనుక్కో," అని వెళ్లిపోయింది.

మొదటిసారి రెండో గేరు చక్రాలు రెండూ మార్చాడు. అవి ఇంగ్లండు నుంచి రావడానికి ఆరు వారాలు పట్టింది. తర్వాత గేర్లను పక్కకు నెట్టే ఫోర్కు మార్చాడు. ఆ తర్వాత బేరింగులన్నీ. ఆఖరుసారి మార్చేందుకేమీ మిగలక, ఊరికే విప్పి మళ్లీ బిగించాడు. ప్రతిసారీ తీగ మీది వరసను చూసుకుంటూ తిరిగి ఎక్కించాడు. కింది షాఫ్టును అటూ ఇటూ లాగి లూజు కొలిచాడు, ఉండాల్సినంతే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. ప్రతిసారీ బండి తీసుకుని ధాన్యపు గాదెల వైపు మిట్ట ఎక్కాడు. సరిగ్గా సగం మిట్టలో బండి కేక పెట్టేది, లివరు ఎగిరి బూటుకు తగిలేది, చక్రానికి బలం అందక బండి ఊరికే దొర్లేది. చివరికి బూటు లివరు మీద నొక్కిపెట్టి తోలడం మొదలుపెట్టాడు. బూటు పైతోలు అరిగి కన్నం పడింది.

నాలుగోసారి కూడా అలాగే అయినప్పుడు బండిని మిట్ట మీంచి ఇంటిదాకా నడిపించుకొచ్చాడు. నడిపించాల్సిన పని లేదు, మూడో గేరులో వచ్చేయొచ్చు. ఎక్కాలనిపించలేదంతే.

ఆ మాట గ్లెనిస్ నోటినుంచి రొట్టెల దుకాణంలో రాలింది. ఆ తర్వాతి శనివారం రెక్స్ కారుకు వెనక ట్రాలీ తగిలించుకుని వాకిట్లో దిగాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"విసిగిపోయావంటగా?"

"ఎవరన్నారు?"

"ఊరన్నది. ఒరేయ్, ఓసారి పెట్టె విప్పి చూడనా? గంటపని. డబ్బేం అడగను, ఓ బీరు పోయించు చాలు."

లయల్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. గంటపని. రెండు చలికాలాలు తను చేసినదాన్ని వీడు గంటపని అన్నాడు.

"చూడ్డానికైతే రావొద్దు. కొనేట్టయితే కొనుక్కుపో."

"ఎంత?"

"రెండువేల డాలర్లు."

"కొత్త గేర్లకే అంత పెట్టి ఉంటావు కదరా! ఆలోచించుకో. నేనెక్కడికీ పోను."

"ఆలోచించీ ఆలోచించీ అరిగిపోయానురా. ట్రాలీ ఊరికే తెచ్చావా ఏంటి? ఎక్కించు."

రెక్స్ తల అడ్డంగా ఊపుతూనే డబ్బు లెక్కపెట్టాడు. బండి ట్రాలీ ఎక్కడానికి లయల్ కూడా వెనకనుంచి ఓ చెయ్యి వేశాడు.

రెండు నెలలయ్యాక, ఓ బుధవారం, ఒరోరూ రోడ్డు మీద ముఠా ఒక పక్క తవ్వుతుంటే లయల్ కర్రకు బిగించిన పలక పట్టుకుని నిలబడ్డాడు. పలకకు ఒకవైపు 'ఆగు', రెండో వైపు 'మెల్లగా'. ఈగలు కళ్లలోనూ ముక్కులోనూ దూరుతున్నాయి. దూరం నుంచి వరసగా పాత బండ్ల చప్పుడు వినిపించింది. పని చాలించినవాళ్లు బుధవారాలు షికారుకెళ్తారు, పని ఉన్నవాళ్లు రోడ్డేస్తారు. అన్నిటికంటే ముందున్న బండి ఎవరిదో చప్పుడును బట్టే లయల్ కనిపెట్టాడు. 'ఆగు' వైపు తిప్పాడు.

రెక్స్ కాలు కింద పెట్టి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు.

"ఏరా, ఎంతసేపు?"

"అటునుంచి లారీ వచ్చేదాకా." అడగకూడదనుకుంటూనే అడిగాడు. "గేరు నిలుస్తోందా?"

"నిలుస్తోంది."

"ఏం మార్చావు?"

"ఏమీ మార్చలేదు. నువ్వేసిన సామానంతా బంగారం. కింది షాఫ్టుకి ఎడమ చివర ఉండాల్సిన పలుచటి వాషరు కుడి చివర ఉంది. తీసి ఇటు పెట్టాను. ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, నీకంటే ముందు, నాకంటే ముందు."

"లూజు సరిపోయిందిరా! నేను కొలిచాను, నాలుగుసార్లు కొలిచాను."

"ఎందుకు సరిపోదు? వాషరు ఏ చివరున్నా మొత్తం లూజు అంతే. కాకపోతే షాఫ్టు పక్కకి జరిగి కూర్చుంటుంది, గేర్ల పళ్లు సగమే పట్టుకుంటాయి. బరువు పడగానే జారతాయి."

"వరస తప్పలేదు. తీగకి గుచ్చాను."

"మేమూ గుచ్చేవాళ్లం. గుచ్చి, తిరిగి ఎక్కించేటప్పుడు గోడ మీది బొమ్మతో సరిచూసేవాళ్లం. షెడ్డులో ప్రతి బల్ల ముందూ ఉండేది కదరా, ఏ ముక్క ఎక్కడో గీసి."

"గోడకి మీ వైపు ఉండేది," అన్నాడు లయల్. "నేను ఊడ్చేది అవతలివైపు."

వెనక బండ్లవాళ్లలో ఒకడు "పలక మీద పాఠం చెబుతున్నాడా ఏంటి, కదలరేం?" అని కేకేశాడు. నలుగురు నవ్వారు.

"అడగాల్సిందిరా," అన్నాడు రెక్స్ గొంతు తగ్గించి. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. సరేలే. అయిందేదో అయింది, ఆ రెండువేలే ఇచ్చి బండి తీసుకుపో. ఇవాళే, సాయంత్రానికి నీ షెడ్డులో పెట్టేస్తాను."

అటునుంచి లారీ వచ్చి దాటిపోయింది. తారు వాసన, దుమ్ము. తీసుకోవచ్చు. బండి బండే, మిట్ట మిట్టే, కానీ ఎక్కిన ప్రతిసారీ కాలి కింద నిలిచేది రెక్స్ పెట్టిన గేరవుతుంది. లయల్ మొహం మీది ఈగల్ని తోలుకున్నాడు. భుజం లాగుతోంది, పొద్దున్నుంచీ ఆ కర్ర పట్టుకునే ఉన్నాడు.

"నీ వెనక పదిమంది ఆగున్నారు," అని పలక 'మెల్లగా' వైపు తిప్పాడు.

రెక్స్ కళ్లద్దాలు దించుకుని కదిలాడు. అక్కణ్ణించి రోడ్డు మిట్టే. లయల్ చెవులు మూసుకోలేకపోయాడు, రెండు చేతుల్లోనూ పలక ఉంది. మొదటి గేరు, తర్వాత రెండో గేరు. అది మిట్ట పైదాకా ఒకే గొంతుతో పాడుకుంటూ పోయింది.

నవంబరులో రెక్స్ ఆ బండిని బెండిగో పాతసామాన్ల సంతకు తీసుకెళ్లి అమ్మాడు. పదకొండువేల నాలుగువందలు పలికిందట. గ్లెనిస్ రొట్టెతోపాటు ఆ కబురు కూడా తెచ్చి బల్ల మీద పెట్టింది. లయల్ గోళ్ల సందుల్లోని తారు గీక్కుంటూ విన్నాడు. తనకు ముట్టిన రెండువేలు అందులోంచి తీసేశాడు. రెండుసార్లు తీసి చూసుకున్నాడు. తొమ్మిదివేల నాలుగువందల డాలర్లు.