ఏకగ్రీవంగా తాయారమ్మే

రాయపూర్ దగ్గర సిల్తారాలో లారీలు ఆగే చోటు దాటి కాస్త లోపలికి వెళ్తే మా తెలుగు మహిళా మండలి నడిపే ఝూలాఘర్ ఉంది. రెండు గదులు, ఒక వరండా, ముందు ఇనప గేటు. ఫ్యాక్టరీల్లో కూలికి వెళ్ళే తల్లులు పొద్దున్న పిల్లల్ని అక్కడ దించుతారు, సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి తీసుకుపోతారు. మన శ్రీకాకుళం వాళ్ళ పిల్లలు, ఒడియా వాళ్ళ పిల్లలు, ఇక్కడి ఛత్తీస్‌గఢీ పిల్లలు, అందరూ ఒకే చాప మీద పడి నిద్రపోతారు. పప్పూ అన్నం వండటం నా పని. ఆటలు ఆడించటం, ముక్కులు తుడవటం, అక్షరాలు దిద్దించటం నీలిమ పని. గేటు మాత్రం తాయారమ్మది.

తాయారమ్మ రైల్వే బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. వాళ్ళాయనా మా ఆయనా వ్యాగన్ల వర్క్‌షాపులో ఒకే షెడ్డులో పనిచేశారు. అప్పటినుంచీ నేను ఆవిడకి వదినని, ఆవిడ నాకు వదిన. ఒకసారి బస్సులో ధర్సీవా వెళ్తుంటే ఫ్యాక్టరీ గోడ పక్కన గోనెపట్టా మీద ఒక పసిబిడ్డ, మూతి చుట్టూ నల్లటి మసితో, ఒంటరిగా కూర్చుని కనపడిందట. ఆ రాత్రి ఆవిడకి అన్నం సయించలేదు. తెల్లారేసరికి మా వాకిట్లో ఉంది. గదులు వెతికిందీ, చాపలూ గిన్నెలూ అడుక్కొచ్చిందీ, ఫ్యాక్టరీ సాబుల దగ్గర గంటలకొద్దీ కూర్చున్నదీ ఆవిడే. మేమంతా వెనకాల నడిచాం.

గేటు దగ్గర ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. పొద్దున్న దించిన చేతికే సాయంత్రం బిడ్డని ఇవ్వాలి. మేనమామ వచ్చినా, తండ్రి వచ్చినా, సూపర్‌వైజరు వచ్చినా సరే, బయట బల్ల మీద కూర్చోబెట్టి, తల్లి వచ్చేదాకా కదలనిచ్చేది కాదు. ఎవరు ఎవరి బిడ్డో ఆవిడకి మొహం చూస్తే చాలు. ఆ నమ్మకం మీదే తల్లులు పనికి వెళ్ళి వెనక్కి తిరిగి చూసుకోకుండా తట్టలు మోసేవారు.

దాలమ్మ మా దగ్గరికి వచ్చింది ఆ గేటు సంగతి విని. ఇచ్ఛాపురం దగ్గరి మనిషి. స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో బొగ్గు తట్టలు మోసేది. కూతురు దివ్యకి నాలుగో ఏడు. మొగుడు నాగబాబు ఈమెని వదిలేసి ఊరికి పోయాడు గానీ, పిల్లల్లేని తన అక్కకి దివ్యని ఇచ్చేస్తానని కబురు మీద కబురు పంపుతున్నాడు. మొదటి రోజే దాలమ్మ గేటు ఊచ పట్టుకుని తాయారమ్మతో చెప్పింది.

"నానొచ్చీ వరకూ పాపనెవులికీ ఇవ్వకండి పెద్దమ్మా. ఆల నాన్నొచ్చి కాళ్ళ మీద పడినా సరే."

"కాళ్ళ మీద పడితే లేపి పంపిస్తాలే. నువ్వు వెళ్ళు, సైరన్ మోగుతోంది," అంది తాయారమ్మ.

ఆ రోజుల్లోనే ఒక పెద్ద కంపెనీ ట్రస్టు నుంచి ఒకావిడ మమ్మల్ని చూడటానికి వచ్చింది. వంటిల్లు చూసింది, పిల్లల గోళ్ళు కూడా చూసింది. అన్నీ బాగున్నాయంది. చివర్లో తాయారమ్మని చూపించి, ఈవిడ రాని రోజు ఈ గేటు ఎవరు చూస్తారని అడిగింది. మా తెలుగు సంఘం కార్యదర్శి దుర్గారావు గారు ఛాతీ విరుచుకుని, ఆవిడ రాని రోజంటూ ఇప్పటిదాకా లేదు మేడమ్ అన్నారు. మేమంతా నవ్వాం. ట్రస్టు ఆవిడ మాత్రం నవ్వలేదు.

ఆ తర్వాత చలికాలంలో తాయారమ్మకి మొహాలు గుర్తు తప్పటం మొదలైంది. మొదట నీలిమని చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. సాయంత్రం తల్లులు వరసగా నిలబడితే, ఒక్కోసారి బిడ్డని చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయేది. వెనక నుంచి నీలిమ మెల్లగా, అది ఫలానా వాళ్ళ పిల్ల పెద్దమ్మా అని అందించేది. ఆవిడ, నాకు తెలీదా ఏంటి అని కసిరేది. నీలిమ నవ్వేసేది. మేమూ నవ్వేసేవాళ్ళం. అలా అందరం కలిసి ఆ గేటుని మోశాం, ఆవిడ మోస్తున్నట్టే కనపడేలా.

ఆవిడకి తెలియకపోలేదు. ఒక సాయంత్రం షేర్ ఆటోలో రాయపూర్‌కి తిరిగి వస్తున్నాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, మొహాలు జారిపోతున్నాయి నాకు. ఇవాళ ఒక పిల్లని చూసి, ఇది మన దగ్గర ఎందుకుందా అనుకున్నాను. ఉగాదికి నా పేరు చెప్పనివ్వకు. ఆ గేటు నీలిమకి ఇప్పించు. నేనే చెబుదును గానీ, అప్పటికి ఈ సంగతి నాకు గుర్తుంటుందో ఉండదో."

నేను సరేనన్నాను. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, కాసేపటికి కూరగాయల ధరల గురించి మాట్లాడింది.

మా మండలి ఎన్నిక ఎలా జరుగుతుందో చెబితే గానీ తర్వాతది అర్థం కాదు. ఉగాది నాడు తెలుగు సంఘం హాల్లో పచ్చడి తిని, పంచాంగం విన్నాక, దుర్గారావు గారు లేచి, అధ్యక్షురాలిగా తాయారమ్మగారే, ఏమంటారు అంటారు. అందరూ చప్పట్లు కొడతారు. దండ పడుతుంది, దాంతోపాటే ఆ ఏడాదికి గేటు బాధ్యతా. ఎప్పుడూ అంతే. చాలా ఏళ్ళ కిందట మా సంఘంలో ఇద్దరు పోటీ పడితే సంఘం రెండు ముక్కలై, ఒకే వీధిలో రెండు శ్రీరామనవమి పందిళ్ళు లేచాయి. రెండు మైకులు ఒకదాని మీద ఒకటి అరుచుకుంటుంటే హిందీ వాళ్ళు మేడలెక్కి చూసి నవ్వారు. పరాయి చోట పరువు పోయిందని అప్పటి పెద్దలు ఒట్టు పెట్టుకున్నారు. ఇక ఏదైనా ఏకగ్రీవమే. మా వాళ్ళలో ఇంకో పేరు చెప్పటమంటే మనిషిని కొట్టినట్టే.

ఉగాదికి ముందే నేను దుర్గారావు గారింటికి వెళ్ళి ఆటోలో మాట చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఆ గేటు కూడా తీసేస్తే ఆవిడకి ఇంకేం మిగుల్తుంది చెల్లెమ్మా? నీలిమ పక్కనే ఉంటుంది కదా. సర్దుకుందాం," అన్నారు. మంచితనంతోనే అన్నారు. కాదని ఎలా అనను? నీలిమ పక్కన లేని రోజు మాటేమిటని మాత్రం అడిగాను. చూద్దాం అన్నారు.

ఉగాది వచ్చింది. దుర్గారావు గారు లేచి అడగవలసింది అడిగారు. చప్పట్లు మొదలవకముందే నేను లేచి నిలబడి, గేటు బాధ్యత ఈసారి నీలిమకి ఇద్దామన్నాను.

నీలిమ తల దించుకుంది. వెనక వరసలోంచి ఎవరో నన్ను చూపించి, "నీలిమ ఈవిడకి వరసకి మనవరాలు కదా, మరి ఆ పేరు చెప్పదేంటి," అన్నారు. చిన్నగా నవ్వులు.

తాయారమ్మ నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో, అదే నన్ను పట్టుకుంది. "నేనేం తక్కువ చేశాను వదినా?"

"నువ్వే కదా నాతో అన్నావు, ఆటోలో."

"నేనా? ఎప్పుడు?"

ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. నిజంగానే వెతుక్కుంటోంది, దొరకటం లేదు. ఆవిడకి మతి తప్పుతోందని అంతమంది ముందు నా నోటితో ఎలా చెప్పను? కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. దండ వేశారు. ఆవిడ ఆ దండలోంచి ఒక బంతిపువ్వు తెంపి నా జడలో పెట్టింది, ఏమీ జరగనట్టు. ఆవిడ మతిలో అది అప్పటికే లేదు.

ఎండలు ముదిరాయి. ఒక రోజు తల్లికి ఒంట్లో బాగాలేక నీలిమ ఆసుపత్రికి తీసుకెళ్ళింది, మా దగ్గరికి రాలేదు. నీలిమ లేని రోజు ఏం చెయ్యాలో మేం ఇంకా అనుకోనే లేదు. మధ్యాహ్నం పిల్లలకి అన్నాలు పెట్టి, నేను వెనక కుళాయి దగ్గర డేగిశాలు తోముతున్నాను. ముందు ఎవరో తెలుగులో మాట్లాడుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. ఇక్కడ తెలుగు వినపడితే మనకి చెవికి హాయి. ఎవరో మనవాళ్ళు అనుకున్నాను, తోముకుంటున్నాను.

తర్వాత తాయారమ్మే చెప్పింది నాకు, ఎంతో సంతోషంగా. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక అబ్బాయి వచ్చాడట. అమ్మా అని దణ్ణం పెట్టాడట. ఏ ఊరు బాబూ అంటే మందస అన్నాడట. తాయారమ్మ పుట్టింది మందసలోనే. ఎవరి తాలూకు, ఏ వీధి, కోట పక్కనా, చెరువు పక్కనా అని ఆవిడ అడిగితే అన్నిటికీ చెప్పాడట. మొహాలు పోయాయి గానీ ఆ వీధులు ఆవిడకి ఒక్కటీ పోలేదు. లోపల కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మా పాపని తీసుకెళ్తానమ్మా అన్నాడట. దివ్య వాడిని చూసి నాన్నా అంటూ వచ్చిందట.

"పిల్ల నవ్వుకుంటూ వెళ్ళింది వదినా. ఎంత మర్యాదస్తుడో," అంది.

నేను తడి చేతులతోనే రోడ్డు మీదికి పరిగెత్తాను. లారీలు, దుమ్ము. టీ కొట్టు ప్రేమ్‌చంద్, ఎవరో బిడ్డని ఎత్తుకుని స్టేషన్ వైపు ఆటో ఎక్కాడని చెప్పాడు. దుర్గారావు గారికి ఫోన్ చేశాను. ఆయన కారేసుకుని స్టేషనంతా తిరిగారు. దొరకలేదు.

సైరన్ మోగింది. తల్లులు ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని తీసుకుపోతున్నారు. దాలమ్మ వచ్చింది. కళ్ళు తప్ప మొహమంతా బొగ్గు. నేను చెప్పాను. ఆమె ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. లోపలికి వెళ్ళి చాపలన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూసింది. తర్వాత నాతో అంది: "నాను చెప్పినాను కదా అమ్మమ్మా."

ఠాణాలో హవల్దారు మా మాట సగం విని చేతులెత్తేశాడు. "బాప్ హీ తో లే గయా హై, కోయీ చోర్ థోడే హై." తండ్రే కదా తీసుకెళ్ళాడు, దొంగా ఏమన్నానా అని. కోర్టుకి వెళ్ళమన్నాడు. దాలమ్మ మందస వెళ్ళింది, నాగబాబు అక్క ఊరికీ వెళ్ళింది. ఇంటికి తాళం. సూరత్ పోయారన్నారు ఒకరు, చెన్నై అన్నారు ఒకరు.

మండలి సమావేశం పెట్టారు. ఇకమీదట గేటు నీలిమ చూడాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. దివ్య సంగతీ, ఈ తీర్మానం సంగతీ తాయారమ్మకి తెలియనివ్వకూడదని కూడా అందరూ ఒప్పుకున్నారు, తట్టుకోలేదని. అందుకని ఆవిడ రోజూ వస్తూనే ఉంది, గేటు దగ్గర నిలబడుతూనే ఉంది. నీలిమ వెనక నిలబడుతుంది. పిల్లలు మాత్రం తగ్గిపోయారు. కొందరు తల్లులు మళ్ళీ ఫ్యాక్టరీ గోడ పక్కనే పడుకోబెట్టుకుంటున్నారు.

దాలమ్మ వెతికి వెతికి తిరిగొచ్చి మళ్ళీ పనిలో చేరింది. పొద్దున్నే మిగతా ఆడవాళ్ళతో మా గేటు ముందునుంచే నడవాలి, వేరే దారి లేదు. నిన్న నేను బియ్యం కడుగుతుంటే తాయారమ్మ గొంతు వినపడింది.

"దాలమ్మా, పాపని తేలేదేమే? నాలుగు రోజులైంది కనపడి."

నేను గిన్నె వదిలేసి వచ్చేసరికి దాలమ్మ ఆగి ఉంది. మిగతా ఆడవాళ్ళూ ఆగారు. నీలిమ గేటు ఊచ గట్టిగా పట్టుకుంది. దాలమ్మ తాయారమ్మ మొహం కేసి చూసింది.

"ఊరెళ్ళింది పెద్దమ్మా. ఆల నాన్నతోటి."

"మంచిది. ఎండలు తగ్గాక తీసుకురా," అంది తాయారమ్మ.

అలాగేనని తలూపి దాలమ్మ తట్ట సర్దుకుంది. సైరన్ మోగుతోంది. ఆడవాళ్ళంతా కదిలారు.