విప్పడానికి గుడ్డ లేదు

ప్యాంటు కుట్టేటప్పుడు నడుము వెనక కుట్టు లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ అదనంగా మడిచి వదలడం దర్జీల అలవాటు. ఒళ్ళు వస్తే విప్పుకోవచ్చని. మొగుడి ప్యాంటులో ఆ మడతంతా ఆమె ఎప్పుడో విప్పేసింది. అయినా బొత్తాం పట్టడం లేదు.

"ఇంకాస్త వదులు చెయ్యి," అంటూ అతను ప్యాంటును కుట్టుమిషను మీదికి విసిరాడు.

"లోపల గుడ్డ లేదు."

"నా కొడుకు కాస్త ఒళ్ళు చేస్తే దీనికి ఏడుపు," అంది అత్తగారు మంచం మీంచి. ఈ మధ్య ఆవిడకి రోజూ అదే పాట.

కోడలికి ఒళ్ళు మండింది. ఒళ్ళు చేసిన మనిషికి చొక్కా భుజాలు జారిపోతాయా? రెండు ముద్దలకే చాలంటాడు, సీసా దగ్గర మాత్రం ఆ మాట రాదు. ఒళ్ళు చేయడమట, ఒళ్ళు. ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కుట్లు విప్పినందుకు తన మీద కూడా ఆమెకు కోపమే.

లైనింగు తెల్లగుడ్డ ముక్క తీసి అతని కంటి పక్కన పెట్టింది. "అత్తయ్యా, ఇది తెలుపు. ఆ కన్ను పసుపు. చూడండి."

"ట్యూబులైటు వెలుగది," అని అతను ఆమె చెయ్యి విదిలించి కొట్టాడు.

"గుడ్డ మీద పడని వెలుగు నీ కళ్ళలోనే పడిందా? కూర్చో."

"నాకు పనుంది."

"నీ పనేంటో వీధంతటికీ తెలుసు. కూర్చో ముందు."

అతను వేసుకున్న పాత ప్యాంటు కాలు పైకి లాగి, చీలమండ పైన బొటనవేలితో నొక్కింది. కసిగానే నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"అంత నొక్కితే ఎవరికైనా పడుతుంది," అని అతను వత్తాసు కోసం తల్లి వైపు చూశాడు.

వత్తాసు రాలేదు. ముసలావిడ వంగి ఆ గుంటనే చూస్తోంది.

"మీ నాన్నకీ ఇలాగే పడేది," అంది చివరికి.

"నాన్న ఏదో జ్వరంతో పోయాడన్నావుగా?"

"తాగి లివరు చెడి పోయాడని చెప్పుకోలేక అన్నాను."

కోడలు చేతికందిన కత్తెరను తిరిగి బల్ల మీద పెట్టేసింది. పెట్టకపోతే ఏం చేస్తుందో ఆమెకే తెలీదు. "తెలిసీ నోరు మూసుకున్నారా?"

"ఒళ్ళు చేశాడని రోజూ అంటే ఒళ్ళే అవుతుందేమోనని."

ముసలావిడ గుమ్మం దగ్గరికి వెళ్ళి, కొడుకు చెప్పులు తెచ్చి అతని ముందు పడేసింది.

"నడు ఆస్పత్రికి. ఇద్దరం వస్తాం."

వాచిన పాదాలు చెప్పుల్లో పట్టలేదు. ఈసారి వదులు చెయ్యమని అతను ఎవరినీ అడగలేదు.